సెల్ఫ్ నొక్కితే టక్‌మని ఊరుకుందా?

తమ్ముళ్లూ, పాత బండి షెడ్డుకొచ్చి "సెల్ఫ్ తీసుకోవడం లేదన్నా" అనగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "బ్యాటరీ పోయింది". నేనూ అలా అనేవాణ్ణే.

ఒకసారి సముద్రపు ఒడ్డునున్న కొత్తపట్నం నుంచి చేపలమ్మే పెద్దాయన వచ్చాడు. బటన్ నొక్కితే ఒక్క టక్, అంతే. కిక్ కొడితే మాత్రం స్టార్టవుతోంది. అంటే స్పార్కు బాగానే ఉంది, తేడా సెల్ఫ్ లైన్లోనే. అంతవరకు సరిగ్గానే ఆలోచించి, కొత్త బ్యాటరీ వేసి పంపేశాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. "ఏందబ్బయా, నా డబ్బులు సముద్రంలో పోసినట్టేనా?" అన్నాడు.

అప్పుడు మీటరు తీశాను. బ్యాటరీ 12.6 వోల్టులు, నిండుగా ఉంది. సెల్ఫ్ నొక్కినా 12 కిందకి దిగలేదు. ఇది గమనించండి. సెల్ఫ్ మోటారు కరెంటు లాగితే వోల్టేజీ పది, పదకొండుకైనా దిగాలి. దిగలేదంటే మోటారుకు అందాల్సినంత అందడం లేదు. మీటరు పిన్ను ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బాడీ మీద ఆనించి మళ్లీ నొక్కాను. అర వోల్టు కూడా రాకూడని చోట ఐదు దాటింది. ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజిన్ బాడీకి కలిపే తీగ! బోల్టు విప్పితే తీగ చివర బిగించే లగ్గు కింద పచ్చగా చిలుము, సగం తీగలు పొడిపొడి. ఊరిదేమో ఉప్పుగాలి, బండి మీదేమో చేపబుట్టల నీళ్లు, ఇక రాగి ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త లగ్గు వేసి, పైన వ్యాజలీన్ పూశాను. ఆ రిపేరుకు డబ్బులు తీసుకోలేదు, ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

టక్‌టక్‌టక్‌మని వరసగా కొట్టుకుంటూ, లైటు ఆరిపోతూ, వోల్టేజీ తొమ్మిదికి పడిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. అప్పుడైనా బండి రేసు చేసి ఛార్జింగు చూడందే కొత్తది వేయకండి. 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. పదిహేను దాటిందా, ఛార్జింగును అదుపు చేయాల్సిన రెక్టిఫైయర్ పాడైనట్టే, ఆ కొత్త బ్యాటరీని కూడా ఉడకబెట్టేస్తుంది.

అసలు టక్ అనే శబ్దమే లేకపోతే ఫ్యూజు, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ చూడాలి. వీటన్నిటికంటే ముందు హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపేసే ఎర్ర స్విచ్. పిల్లలు ఆడుకుంటూ నొక్కేసిన బండ్లు ఎన్ని ట్రాలీ ఎక్కి వచ్చాయో నాకు తెలుసు.

సరే, అదిగో ఆ మూల బండికి నేనే ఒక వైరు వదులు చేసి పెట్టాను. మీటరు ఎవరు పట్టుకుంటారు?