పుట్టిన రోజే వెయ్యాల్సిన సూది

అమ్మలకు, అమ్మమ్మలకు, నాన్నమ్మలకు, ఆశా దిదీలకు నమస్కారం.

మమతా దివస్ అంటే టీకాలు, తూకాలు అని మన పర్లాకిమిడి చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఇవాళ నేను మాట్లాడేది టీకా కాని ఒక సూది గురించి. అది విటమిన్ కె. బిడ్డ పుట్టిన రోజే, తొడ కండకి, ఒక్కసారే వేస్తారు.

దెబ్బ తగిలితే నెత్తురు కాసేపటికి గడ్డకట్టి ఆగుతుంది కదా. అలా గడ్డకట్టించే పదార్థాల్లో ముఖ్యమైన నాలుగు పనిచెయ్యాలంటే విటమిన్ కె కావాలి. పెద్దవాళ్లకి అది ఆకుకూరల్లో దొరుకుతుంది. కడుపులో ఉన్న బిడ్డకి మాయ గుండా చేరేది చాలా తక్కువ. తల్లిపాలలోనూ తక్కువే, లీటరుకి కొన్ని మైక్రోగ్రాములు. బాలింత మునగాకు, తోటకూర ఎంత తిన్నా ఆ లోటు తీరదు. ఇందులో తల్లి తప్పేమీ లేదు, ఏ బిడ్డయినా ఈ లోటుతోనే పుడుతుంది. ఆ లోటు వల్ల కొందరు బిడ్డలకి నెత్తురు ఆగకుండా కారే జబ్బు వస్తుంది. దీనికోసం పాలు మాన్పించి పోతపాలు పట్టకండి. సూది వేయించండి, పాలు మీవే ఇవ్వండి.

"మా కాలంలో ఈ సూదులున్నాయా?" అని పెద్దమ్మలు అడుగుతారు. సూది లేదు గానీ జబ్బు ఉందమ్మా. 1894లోనే అమెరికాలో టౌన్సెండ్ అనే డాక్టరు ఇలా నెత్తురు కారిన 50 మంది పసిబిడ్డల గురించి రాశాడు. ఎందుకు కారుతోందో అప్పటికి ఎవరికీ తెలీదు. 1929లో డెన్మార్కులో హెన్రిక్ డామ్ అనే శాస్త్రవేత్త, కొవ్వు తీసేసిన మేత తిన్న కోడిపిల్లలకి ఒంట్లో నెత్తురు కారడం చూశాడు. విటమిన్ కె బయటపడింది ఆ వెతుకులాటలోనే. 1943 నోబెల్ బహుమతి ఆయనకూ, ఈ విటమిన్ రసాయన స్వరూపం తేల్చిన అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డాయిజీకీ దక్కింది.

మొదటి వారంలో వచ్చే జబ్బయితే బొడ్డు దగ్గరో, మలంలోనో నెత్తురు కనిపిస్తుంది. నాకు ఎక్కువ భయం రెండు వారాలు దాటాక వచ్చేదంటే. మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎక్కువ, ఆర్నెల్ల దాకా రావచ్చు. తల్లిపాలు తాగుతూ బొద్దుగా ఉన్న బిడ్డకీ వస్తుంది. సగానికి పైగా బిడ్డలకి మెదడులోనే కారుతుంది. బతికినా కొందరికి ఫిట్సు, ఎదుగుదల లోపం మిగిలిపోతాయి.

ఆ వారాలు ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మన ఊళ్లలో ఎలా గడుస్తాయో ఆలోచించండి. తొలికాన్పుకి పిల్ల ఆంధ్రలోని పుట్టింటికి పాతపట్నమో, టెక్కలో వెళ్తుంది. బారసాల అయ్యాక ఇటొస్తుంది. అక్కడి కార్డు తెలుగులో, ఇక్కడి కార్డు ఒడియాలో. సూది పడిందో లేదో ఇక్కడ చెప్పగలిగేవాళ్లు ఉండరు. ఇంట్లోనో, దారిలో అంబులెన్సులోనో పుట్టిన బిడ్డకయితే తప్పిపోవడం మరీ సులువు.

ముక్కులోంచి కాస్త నెత్తురొచ్చినా, బొడ్డు ఊడినచోట ఆగకుండా చెమరుస్తున్నా, ఒంటిమీద దెబ్బ లేకుండా కమిలినా ఊరుకోకండి. పెద్ద ప్రమాదానికి ముందు ఇలాంటి చిన్న కారుడే చాలామందిలో కనిపిస్తుంది. పాలు తాగక మగతగా ఉన్నా, కీచుమని ఏడ్చినా, మాడు ఉబ్బినా, పాలిపోయినా, ఫిట్సు వచ్చినా దిష్టి తీస్తూ కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. పుట్టిన రెండు వారాలకీ పసిరికలు తగ్గక, మలం తెల్లగా పోతుంటే అదీ చూపించాలి, అలాంటి బిడ్డకి పాలలోని విటమిన్ కె సరిగ్గా ఒంటబట్టదు.

మోతాదు ఒక మిల్లీగ్రాము. కిలో కన్నా తక్కువ బరువున్న బిడ్డకి అందులో సగం. పుట్టిన ప్రతి బిడ్డకీ వెయ్యాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ సూదితో క్యాన్సరు వస్తుందన్న మాట 1990ల మొదట్లో ఒక బ్రిటిష్ అధ్యయనంతో పుట్టింది. తర్వాత చేసిన పెద్ద పరిశీలనల్లో అలాంటి సంబంధం తేలలేదు. ఫోనులో అలాంటి మెసేజి వస్తే నమ్మకండి.

గర్భిణులు ఫిట్సుకో, టీబీకో మందులు వాడుతుంటే కాన్పుకి ముందే డాక్టరుకి చెప్పండి, వాటిలో కొన్ని బిడ్డకి విటమిన్ కె ఇంకా తగ్గిస్తాయి. సొంతంగా మాత్రం మందు ఆపకండి.

ఆశా దిదీలూ, మీకో మాట. అటునుంచి వచ్చిన ప్రతి బాలింతనీ "విటమిన్ కె పడిందా?" అని అడగండి, కార్డు తెరిపించి చూడండి. రాసి లేకపోతే ఆ బిడ్డని ఆ రోజే ఏఎన్‌ఎం దగ్గరికో, డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. ఆలస్యమైనా వెయ్యొచ్చు. ఇవాళ కార్డులు తెచ్చుకున్న అమ్మలు ఇలా ముందుకు రండి, ఇప్పుడే చూద్దాం.