అది గ్యాస్ కాదు నాన్నా: హార్ట్ ఎటాక్ గురించి మా అన్నయ్యతో

నేను: ఆఁ, రికార్డ్ అవుతోంది, మాట్లాడొచ్చు. అందరికీ నమస్కారం. ఈసారి ఫోన్‌లో గెస్ట్ మా అన్నయ్యే, మా పెద్దమ్మ కొడుకు, గుండె డాక్టరు, రోజూ క్యాథ్ ల్యాబ్‌లో, అంటే గుండె నాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే గదిలో, స్టెంట్లు వేయడమే పని. రెండేళ్ల క్రితం మా నాన్నకి హార్ట్ ఎటాక్ వచ్చినప్పుడు మేం చేసిన తప్పులన్నీ తెలిసినవాడు, ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు, ఆ తిట్లేవో మైకు ముందు తిట్టమని పిలిచా.

అన్నయ్య: తిట్టడానికి పిలిచావా, బావుంది. బాబాయి వింటున్నాడా?

నేను: పక్క గదిలోనే, తలుపు తీసే ఉంది. సరే ఆ రాత్రి సంగతి చెప్తా. రెండింటికి లేచాడు, ఛాతీ మధ్యలో పట్టేసినట్టుంది అన్నాడు, మళ్ళీ తనే గ్యాస్ అనేశాడు, గ్యాస్ మాత్ర వేసుకుని అటూ ఇటూ తిరిగాడు, బనియన్ పిండితే నీళ్ళు కారేలా ఉంది చెమటకి, ఫ్యాన్ పెంచమంటాడు. నీకు ఫోన్ చేసేసరికి ఆరు, హాస్పిటల్ గుమ్మం ఎక్కేసరికి ఆరున్నర.

అన్నయ్య: నాలుగున్నర గంటలు. అసలు మందులూ స్టెంట్లూ అన్నీ తర్వాత, ఈ నాలుగున్నర గంటల గురించి మాట్లాడుకుంటే సగం ఎపిసోడ్ అయిపోయినట్టే. ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తా. గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది, నిజమే, కానీ దాని కండకి కూడా రక్తం కావాలి కదా, దానికి వేరే నాళాలుంటాయి, కరొనరీలు అంటాం, గుండె పైన అల్లుకుని ఉంటాయి. పెద్దవి కూడా 3, 4 మిల్లీమీటర్ల వెడల్పే. వాటిలో ఒకటి ఉన్నట్టుండి మూసుకుపోతే దాని వెనక ఉన్న కండ చావడం మొదలవుతుంది. హార్ట్ ఎటాక్ అంటే అంతే.

నేను: "వాల్వులు మూసుకుపోయాయి" అంటారు కదా అందరూ.

అన్నయ్య: అయ్యో, రోజుకి నాలుగుసార్లు వింటా. వాల్వులు గుండె గదుల మధ్య తలుపులు, వాటికీ దీనికీ సంబంధం లేదు. ఇంకొకటి "హార్ట్ స్ట్రోక్". స్ట్రోక్ మెదడుకి వచ్చేది. పేరు తప్పుగా అంటే ప్రాణం పోదు గానీ ఒక తేడా మాత్రం గట్టిగా తెలియాలి, హార్ట్ ఎటాక్ వేరు, కార్డియాక్ అరెస్ట్ వేరు. ఎటాక్‌లో మనిషి మాట్లాడుతూ ఉంటాడు, బాబాయి లాగా ఫ్యాన్ పెంచమంటాడు కూడా, ఎందుకంటే గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. అరెస్ట్‌లో గుండె కొట్టుకోవడమే ఆగిపోతుంది, మనిషి కూలిపోతాడు, పిలిస్తే పలకడు, ఊపిరి సరిగ్గా ఉండదు. అప్పుడు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు తగ్గకుండా లోపలికి దిగేలా నొక్కాలి, షాక్ ఇచ్చే మెషిన్ వచ్చేదాకా. భయమేంటంటే మొదటిది ఎప్పుడైనా రెండోదానికి దారి తీయొచ్చు, ముఖ్యంగా మొదటి గంటల్లో, అందుకే నేను ఊరికే కంగారు పడను, కంగారు పడాల్సిన చోటే పడతా.

నేను: మరి ఆ మూసుకుపోవడం ఒక్కసారిగా ఎలా? కొవ్వు ఏళ్ల తరబడి పేరుకుంటుంది అంటారు కదా.

అన్నయ్య: పేరుకోవడం ఏళ్ల పనే, పగలడం క్షణం పని. నాళం గోడలో కొవ్వు ఒక మొటిమలా తయారవుతుంది, పైన సన్నటి పొర. ఆ పొర చిట్లితే ఒంటికి అది గాయం లాగే కనిపిస్తుంది, చెయ్యి తెగితే రక్తం గడ్డ కట్టినట్టే అక్కడా ప్లేట్‌లెట్లు, అంటే రక్తంలో గడ్డ కట్టించే కణాలు, వచ్చి అతుక్కుని గడ్డ కట్టేస్తాయి, ఇంత సన్నటి నాళం కాబట్టి నిమిషాల్లో మూసుకుపోతుంది. తమాషా ఏంటంటే పగిలేది పెద్ద బ్లాకే అవ్వాలని లేదు, సగం కూడా మూయనివి చాలాసార్లు పగులుతాయి. అందుకే పోయిన నెల ట్రెడ్‌మిల్ టెస్ట్ నార్మల్ వచ్చింది డాక్టర్ గారూ అంటారు పాపం, ఆ టెస్ట్ గుండె కండకి రక్తం అందడం ఎంత తగ్గిందో చూస్తుంది, రేపు ఏది పగులుతుందో చూడలేదు.

నేను: నాన్న రిపోర్ట్‌లో గుండె పంపింగ్ 40 అని రాశారు.

అన్నయ్య: గుండె గదిలో ఉన్న రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత శాతం బయటికి పంపుతుందో ఆ లెక్క అది, మామూలుగా 55 పైన ఉండాలి. ఆ తేడా అంతా ఆ రాత్రి పోయిన కండే. 1977లో రైమర్, జెన్నింగ్స్ అని ఇద్దరు కుక్కల గుండెల మీద చూశారు, నాళాన్ని 40 నిమిషాలు కట్టి వదిలితే లోపలి పొర పోయింది, 3 గంటలకి చావు బయటివైపుకి పాకింది, 6 గంటలకి గోడ మందంలో చాలావరకు పోయింది. లోపలి నుంచి బయటికి అలలా వస్తుంది. మనుషుల్లో లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుంది గానీ దారి అదే. పోయిన కండ మళ్ళీ పెరగదు, మచ్చ అవుతుంది, మచ్చ పంపు చెయ్యదు.

నేను: (నిట్టూర్పు) ఆ మాట అప్పుడే చెప్పుంటే.

అన్నయ్య: ఆరింటికి చేస్తే ఏం చెప్పను? సర్లే, మీరొక్కరే కాదు. 1955 సెప్టెంబర్‌లో అమెరికా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కి డెన్వర్‌లో రాత్రి రెండు ప్రాంతంలోనే నొప్పి వచ్చింది. పగలంతా గోల్ఫ్ ఆడాడు, ఉల్లిపాయలేసిన హాంబర్గర్ తిన్నాడు, అందరూ దాని మీదే తోసేశారు. పొద్దున పత్రికల వాళ్ళకి అజీర్తి అని చెప్పారు, ఈసీజీ తీసింది మధ్యాహ్నం. పక్కనే సొంత డాక్టరున్న ప్రెసిడెంట్ కథ ఇది! ఆ రోజుల్లో నాళం తెరిచే మందూ లేదు బెలూనూ లేదు, విశ్రాంతే వైద్యం, ఆయన సుమారు ఏడు వారాలు అక్కడే హాస్పిటల్లో ఉన్నాడు.

నేను: మరి గ్యాసా గుండెనా ఎలా తెలియాలి?

అన్నయ్య: ఇంట్లో కూర్చుని తేల్చలేవు, నేనూ తేల్చలేను, ఈసీజీ తియ్యాల్సిందే. అనుమానం ఎప్పుడు రావాలో చెప్తా. బండ పెట్టినట్టు బరువు, పట్టేసినట్టు, మంట అయినా సరే, పది పదిహేను నిమిషాలైనా తగ్గకపోవడం, దవడకో ఎడమ చేతికో రెండు చేతులకో వీపుకో లాగడం, చల్లటి చెమట. చెమట పట్టే గ్యాస్‌ని నేను నమ్మను. షుగర్ ఉన్నవాళ్ళలో, పెద్దవాళ్ళలో, ఆడవాళ్ళలో ఒక్కోసారి నొప్పే ఉండదు, ఆయాసం, వాంతి, ఎప్పుడూ లేనంత నీరసం, అంతే.

నేను: అప్పుడు ఏం చెయ్యాలి, ఆస్పిరిన్ వెయ్యాలా? నాలుక కింద పెట్టే మాత్ర?

అన్నయ్య: మొదట అంబులెన్స్‌కి ఫోన్. మీలా కారులో వెనక పడుకోబెట్టి తీసుకురావడం కాదు, దారిలో గుండె ఆగితే కారులో షాక్ ఎవడిస్తాడు? ఫోన్‌లో వాళ్ళు వెయ్యమంటే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి, నమిలితే త్వరగా ఒంటికి పడుతుంది. అలర్జీ ఉంటే, ఎక్కడైనా రక్తం కారుతుంటే వద్దు. నాలుక కింద మాత్ర ఎవరో పక్కింటాయనది తెచ్చి పెట్టేస్తారు చూడు, అది నాళాలని వదులు చేస్తుందే గానీ గడ్డని కరిగించదు, పైగా బీపీ పడిపోతుంది, కొన్ని రకాల ఎటాక్‌లలో, వయాగ్రా లాంటివి వేసుకున్న వాళ్ళలో ప్రమాదం కూడా. ఎవరి మాత్ర వాళ్ళకే.

నేను: ఆస్పిరిన్ అంత చిన్న మాత్ర, నిజంగా అంత పని చేస్తుందా?

అన్నయ్య: ఇది నాకిష్టమైన కథ ఆగు. 1988లో ఐసిస్-2 అని పెద్ద ట్రయల్ వచ్చింది, 17,187 మంది పేషెంట్లు. ఆస్పిరిన్ ఒక్కటే ఇస్తే ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బు మరణాలు 23 శాతం తగ్గాయి, దానితో పాటు గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కలిపితే 42 శాతం. దాన్ని అచ్చేసే వైద్య పత్రిక వాళ్ళేమో ఆడా మగా, వయసూ, అలా విడివిడిగా లెక్కలు కూడా ఇవ్వమన్నారు. అలా ముక్కలు చేస్తే తప్పుడు ఫలితాలొస్తాయని చెప్పడానికి వీళ్ళు పుట్టినరోజుని బట్టి రాశుల వారీగా కూడా విడదీసి చూపించారు, మిథునం, తుల వాళ్ళకి ఆస్పిరిన్ పని చెయ్యలేదని తేలింది!

నేను: (నవ్వు) నాన్నది తుల అన్నయ్యా!

అన్నయ్య: అయినా ఇచ్చాంలే. సరే, హాస్పిటల్‌కి వచ్చాక పది నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలి. అందులో ఎస్‌టీ అనే గీత పైకి లేచిందంటే మామూలుగా నాళం పూర్తిగా మూసుకుందని అర్థం, ట్రోపోనిన్ రక్త పరీక్ష కోసం ఆగం, నేరుగా క్యాథ్ ల్యాబ్. గీత లేవకపోతే ట్రోపోనిన్ చూస్తాం, అది చచ్చిన కండ నుంచి రక్తంలోకి కారే ప్రోటీన్, కానీ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే మొదటిసారి నార్మల్ వచ్చినా మళ్ళీ తీస్తాం. మొదటి రిపోర్ట్ చూసి "ఏం లేదన్నారు" అని ఇంటికి వెళ్ళిపోకండి.

నేను: క్యాథ్ ల్యాబ్‌లో ఏం జరిగిందో నాన్న చెప్తాడు, టీవీలో తన గుండె తనే చూశాడట.

అన్నయ్య: మెలకువగానే ఉంటారు, మత్తు పెద్దగా అక్కర్లేదు. మణికట్టు దగ్గర చిన్న సూదితో నాళంలోకి వెళ్తాం, 2 మిల్లీమీటర్ల గొట్టం గుండె దాకా పోనిస్తాం, ఎక్స్‌రేలో కనిపించే రంగు మందు, డై అంటాం, అది ఎక్కిస్తే తెర మీద నాళాలు కొమ్మల్లా నల్లగా నిండుతాయి. బాబాయికి ముందువైపు పెద్ద కొమ్మ సగం దాకా నిండి అక్కడే ఆగిపోయింది, తోక తెగినట్టు. ఆ గొట్టంలోంచి వెంట్రుక లాంటి తీగ, అర మిల్లీమీటరు కూడా ఉండదు, వేళ్ళతో తిప్పుతూ గడ్డ దాటించాలి, దాటిందని చేతికే తెలుస్తుంది. తర్వాత బెలూన్ ఉబ్బించి నాళం తెరుస్తాం, తర్వాత స్టెంట్, అంటే జల్లెడ లాంటి లోహపు గొట్టం, అది లోపల నాళాన్ని తెరిచి పట్టుకుని ఉంటుంది. డై మళ్ళీ కొస దాకా పోయింది. ఆ క్షణంలో గుండె కొంచెం గందరగోళం చేస్తుంది, మానిటర్ మీద వింత బీట్లు పరిగెడతాయి, ఎండిన కాలవలోకి నీళ్ళొచ్చినట్టు. బాబాయి అప్పుడే "అబ్బాయ్, బండ దించేశారు" అన్నాడు.

నేను: అది మొదట ఎవరు చేశారు అసలు?

అన్నయ్య: బెలూన్ అయితే గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు, జ్యూరిచ్‌లో, 1977 సెప్టెంబర్, పేషెంట్ వయసు 38. బెలూన్లు తన ఇంట్లో వంటగది బల్ల మీద తయారు చేసుకునేవాడు. స్టెంట్లు 1986లో వచ్చాయి.

నేను: క్యాథ్ ల్యాబ్ దగ్గర్లో లేకపోతే?

అన్నయ్య: గీత పైకి లేచిన ఎటాక్‌లో, రెండు గంటల్లో బెలూన్ పడేలా లేకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలి, టెనెక్టిప్లేస్ లాంటిది. మొదటి రెండు మూడు గంటల్లో బాగా పని చేస్తుంది, గడ్డ పాతబడే కొద్దీ మొండికేస్తుంది. వందలో సుమారు ఒకరికి మెదడులో రక్తస్రావం అవ్వొచ్చు, అందుకే ముందు ప్రశ్నలడుగుతాం, ఇదివరకు స్ట్రోక్ వచ్చిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా అని. అది ఇచ్చాక కూడా పెద్ద సెంటర్‌కి పంపాలి. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది కదా అని మానేస్తారు కొందరు, మానొద్దు.

నేను: నాన్న మూడు నెలలకే మాత్రలు ఆపేస్తానన్నాడు, ఒంట్లో బాగుందని.

అన్నయ్య: బాబాయీ, వినపడుతోందా! కొత్త స్టెంట్ రక్తానికి పరాయి లోహం, దాని మీద గడ్డ కట్టకుండా మామూలుగా ఏడాది పాటు రెండు మందులు వాడాలి, ఆ తర్వాత ఒకటి చాలాకాలం. మధ్యలో సొంతంగా ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయి మళ్ళీ ఎటాక్ రావచ్చు, అది మొదటిదానికన్నా చెడ్డది కావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా నన్నడగాలి. కొలెస్టరాల్ మాత్ర కూడా అంతే, నంబర్ బావుంది అని ఆపకూడదు, నంబర్ బావుండేది దాని వల్లే.

నేను: ఒక్క నిమిషం, నాన్న ఏదో అంటున్నాడు. ఏంటి నాన్నా? ... అన్నయ్యా, "గ్యాస్ కాదని నాకు మూడింటికే తెలిసింది" అంటున్నాడు. మరి ఎందుకు లేపలేదు నాన్నా? ... అమ్మ పొద్దున్నే లేచి డ్యూటీకి వెళ్ళాలి, నిద్ర చెడగొట్టడం ఎందుకనుకున్నాడట.

అన్నయ్య: ఫోన్ స్పీకర్‌లో పెట్టు. బాబాయీ, ఆ మూడింటి నుంచి ఆరింటి దాకా ఏం ఆలోచించావు చెప్పు.

నేను: లేచి వెళ్ళిపోయాడు అన్నయ్యా. రాత్రి మాత్రల టైమ్ అయిందట, వేసుకుంటున్నాడు. సరే, ఇక్కడ ఆపేస్తున్నా.