మీటరే లేని ఇంట్లో సోలార్ లైటు

నమస్తే అండి. సోలార్ అనగానే మన దగ్గర అందరూ అడిగేది ఒకటే, బిల్లు ఎంత తగ్గుద్ది, సబ్సిడీ ఎంతొస్తది అని. అది కరెంటు ఉన్నోళ్ల లెక్క. ఇవాళ నేను చెప్పేది మీటరే లేని ఇళ్ల గురించి. పాడేరు ఏజెన్సీలో పదీ పదిహేను ఇళ్లుండే గూడేలున్నాయి, కొన్నిటికి సరైన రోడ్డు కూడా లేదు, అడవిలోంచి లైను లాగాలంటే పర్మిషన్లు కావాలి, స్తంభాలు మనుషులే మోసుకెళ్లాలి, అంతా అయ్యాక గాలివానకి ఒక్క చెట్టు పడిందంటే మళ్లీ చీకటే.

నేను వెళ్లిన ఒకింట్లో పెద్దావిడ గోడలో గూడు చూపించింది, "ఇక్కడే బుడ్డి పెట్టేవోళ్లం బాబూ" అని. గూడు పైనంతా మసి, వేలు పెడితే నల్లగా అంటుకుంది, అదంతా ఎన్నేళ్లు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయుంటదో ఆలోచించండి. సోలార్ వచ్చాక ఇప్పుడా గూట్లో ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటున్నారు. అంతకుముందు సంత రోజు కొండ దిగి, కొట్లో డబ్బులిచ్చి చార్జింగ్ పెట్టించుకునేవాళ్లంట. రాత్రిపూట కోడలికి నొప్పులొస్తే ఎవరికి చెప్తారు? సిగ్నల్ కోసం గట్టెక్కాలి నిజమే, కానీ ముందు ఫోన్ బతికుండాలి కదా. నాకైతే లైటు కంటే ఇదే పెద్ద లాభం అనిపించింది. వాకిట్లో బల్బు కూడా తక్కువేం కాదు, వానాకాలం పాము కనపడుద్ది.

లెక్క చూద్దాం. 2017లో మొదలైన సౌభాగ్య అనే కేంద్ర పథకంలో లైను వెళ్లలేని ఇళ్లకి 200 నుంచి 300 వాట్ల ప్యానెల్, బ్యాటరీ, 5 ఎల్ఈడీ బల్బులు, బ్యాటరీ మీద నేరుగా తిరిగే ఒక డీసీ ఫ్యాను ఇచ్చారు. 2023 నవంబర్లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకంలో కూడా చెంచులు, కొండరెడ్ల లాంటి తెగల్లో కరెంటు లేని ఇళ్లకి ఇలాంటిదే, ఇంటికి 50 వేల రూపాయల దాకా ఖర్చుతో. 300 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి దగ్గర దగ్గర యూనిట్ ఇస్తది. 9 వాట్ల బల్బులు నాలుగు, ఒక్కోటి ఐదు గంటలు వెలిగినా, 25 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగినా అర యూనిట్ దాటదు, మిగిలింది ముసురు పట్టిన రోజులకి.

అసలు ప్రాణం బ్యాటరీలో ఉందండి. ఇంకో గూడెంలో ప్యానెళ్లు నిక్షేపంగా ఉన్నాయి, ఒక్క లైటూ వెలగట్లేదు, బిగించినోళ్లు మళ్లీ రాలేదు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయాలని ఎవరికీ చెప్పలేదు. నాకు చాలా బాధేసింది, రెండు నిమిషాల్లో నేర్పే పని అది! బిగించేటప్పుడే గూడెంలో ఒక కుర్రాడికో అమ్మాయికో నేర్పి వెళ్లాలి, అలాగే బ్యాటరీ కొన్నేళ్లకి మార్చక తప్పదు కాబట్టి ఇంటికి నెలకింత అని ఇప్పట్నుంచే పక్కన పెట్టుకోవాలి.

ఇంకోటి, నీడ. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ వరసగా కలిపుంటాయి, ఒక మూల నీడ పడినా మొత్తం ప్యానెల్ నీరసపడుద్ది. ఆ పెద్దావిడ ఇంటి మీద పనస కొమ్మ నీడ మధ్యాహ్నమే పడుతోంది, రాత్రి తొమ్మిదింటికే లైటు ఆరిపోతోందని ఆవిడ గోల. వాళ్లబ్బాయి ఎక్కి కొమ్మ కొట్టి, ప్యానెల్ తడిగుడ్డతో తుడిచాడు. మర్నాడు రాత్రి పదకొండింటికి నేను చూసేసరికి ఆవిడ ఆ వెలుగులోనే చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది.