దోరగానే కోయండి

శ్రోతలందరికీ నమస్కారం. ధనుర్మాసం నడుస్తోంది. మిద్దె మీద టమాటా వేసిన వాళ్లందరిదీ ఇప్పుడు ఒకటే బెంగ. కాయ కాసింది, సైజు వచ్చింది, ఎరుపు మాత్రం రావడం లేదు. ఎందుకు రావడం లేదు? ఎప్పుడు కోయాలి? ఈ కాసేపూ ఆ ఒక్క సంగతే మాట్లాడుకుందాం. మట్టి, నారు, ఎరువులు మరోసారి.

పువ్వు పిందెగా మారాక కాయ పండడానికి, రకాన్నీ వాతావరణాన్నీ బట్టి, సుమారుగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. నిండుగా పెరిగాక కూడా కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. పైకి ఏమీ జరగనట్టే కనిపిస్తుంది గానీ, లోపల గింజ ముదురుతుంది, గింజ చుట్టూ జిగురు పడుతుంది. ఆ తర్వాతే కాయలో, దాన్ని పండించే ఇథిలీన్ అనే వాయువు ఎక్కువగా పుడుతుంది, రంగు తిరుగుతుంది. ఎరుపు బాగా పట్టడానికి 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనం హాయిగా ఉంటుంది. రాత్రి చలి ముదిరితే ఆ పని నెమ్మదిస్తుంది. 30 దాటినా ఇబ్బందే, ఎండాకాలం కాయలు ఎర్రగా కాకుండా నారింజ రంగులో ఆగిపోయేది అందుకే. కాబట్టి ఎర్రబడలేదని టెన్షన్ పడి ఇంకో గుప్పెడు యూరియా వేయకండి. యూరియా వేస్తే ఆకు వస్తుంది. ఎరుపు రాదు.

ఇక మా వీధిలో ఒక మామ్మగారి సంగతి చెప్పాలి. ఆవిడ పాత పెయింటు డబ్బాల్లో టమాటా పెంచుతారు. మొదటి కాయకు ఇంటిల్లిపాదీ కాపలా. మనవడు పళ్లు తోముకుంటూ మేడెక్కి చూస్తాడు. కోడలు బట్టలు ఆరేస్తూ చూస్తుంది. పిట్టగోడ మీద నుంచి ఉడుత కూడా చూస్తుంది, అసలు శ్రద్ధంతా దానిదే! ఒకరోజు కాయ అడుగున లేత గులాబీ రంగు కనిపించింది. "ఎల్లుండికి ఎర్రగా అవుతుంది, అప్పుడు కోద్దాం" అన్నారు అందరూ. మామ్మగారు వినలేదు. తొడిమతో సహా కోసేశారు.

"అప్పుడే కోసేశావేంటి మామ్మా, ఇంకా పండలేదుగా!" అని మనవడు ఏడుపు మొహం పెట్టాడు.

"ఎల్లుండి దాకా ఉంచితే ఉడుతకి ఫలహారం అవుతుందిరా నాయనా" అని ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశారు. కొద్ది రోజుల్లో కాయ నిగనిగలాడుతూ పండింది. దేవుడి దగ్గర పెట్టి, ముక్కలు కోసి, ఉప్పు చల్లి పంచారు. ఆ సమయానికి వెళ్లినందుకు నాకూ ఒక ముక్క దక్కింది. ఒక్క టమాటాని అంతమంది పంచుకుంటే నోటికి ఆనుతుందా అనకండి, ఆనింది.

ఆవిడ చేసిన పనిలో శాస్త్రం ఉంది. కాయ ఒకసారి దోరకు తిరిగితే తన ఇథిలీన్ తానే తయారు చేసుకుంటుంది, మూసిన డబ్బాలో ఆ వాయువు నిలుస్తుంది. ఎండ తగిలితేనే పండుతుందని చాలామంది నమ్మకం. పండడానికి ఎండ అక్కర్లేదు, వెచ్చదనం చాలు. దోరగా కోసి మాగబెట్టినదానికీ చెట్టున పండినదానికీ రుచిలో పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. పైగా పిట్టల బెడద తప్పుతుంది, ఒక్కసారిగా నీళ్లు ఎక్కువై కాయ పగిలే ప్రమాదమూ తప్పుతుంది.

కాబట్టి దోరగానే కోయండి. బియ్యం డబ్బా లేకపోతే కాగితం సంచిలో, పక్కన ఒక పండిన అరటిపండు వేసి పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, ఆ చలికి రంగూ రాదు, రుచీ పోతుంది.

మరి పూర్తిగా పచ్చగా ఉన్న కాయ మాగుతుందా? ముదిరితే మాగుతుంది. అనుమానంగా ఉంటే ఒక కాయను అడ్డంగా కోసి చూడండి. గింజలు కత్తికి తెగకుండా పక్కకు జారితే ముదిరినట్టే, అదే సైజు కాయలు డబ్బాలో పండుతాయి. గింజలు కూడా తెగిపోయాయంటే ఇంకా లేత. అలాంటివి ఎన్నాళ్లు దాచినా వాడిపోతాయి తప్ప పండవు, చెట్టునే ఉండనివ్వండి. కోసిన ఆ ఒక్క కాయా ఈ పూట పప్పులో వేసేయండి, చింతపండు కాస్త తగ్గించి.