బెండు మునిగింది, లాగకండి

శ్రోతలకు నమస్కారం.

జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలి, నాలుగు వానలు కూడా పడ్డాయంటే డెల్టాలో బోదెలూ మురుగు కాలువలూ కళకళలాడతాయి. కొర్రమీను లోతు కోసం వెతుక్కునే చేప కాదు. మోకాలి లోతు నీళ్లు, అడుగున బురద, పక్కన గుర్రపుడెక్క నీడ ఉంటే దానికి చాలు. ఆ కాసిని నీళ్లలో దాన్ని గాలంతో పట్టే పద్ధతి ఇవాళ చెప్పుకుందాం. ఎక్కువమంది చేపను పోగొట్టుకునేది ఒక్కచోటే. దారానికి కట్టి నీటి మీద తేలనిచ్చే బెండు మునగగానే లాగేస్తారు. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు సామాను. పది పన్నెండు అడుగుల వెదురు గడ, చివర సన్నంగా, కాస్త వంగేది. గడ పొడవుకు ఓ అడుగు తక్కువగా నైలాన్ దారం. 0.40 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. అంతకన్నా సన్నం వేస్తే కొర్రమీను పళ్లకు రాసుకుని తెగుతుంది. ఒక చేప పడ్డాక దారం చివరి జానెడు వేళ్ల మధ్య లాగి చూడండి. గరుకు తగిలితే ఆ ముక్క కోసేసి గాలం మళ్లీ కట్టండి. సీసం గుండు ఈ నీళ్లకు వద్దు, ఎరను బురదలోకి దించేస్తుంది. బెండుకు జీలుగు ముక్క చాలు. నీళ్లు అడుగున్నర ఉంటే బెండుకూ గాలానికీ మధ్య అడుగే ఉంచండి. ఎర బురదకు పైన తిరగాలి.

ఎరగా ఎర్రలు, అంటే వానపాములు గుచ్చితే కొర్రమీను కన్నా ముందే జెల్లలూ పీతలూ కొరికేస్తాయి. రెండంగుళాల బతికున్న పరిగె చేప మేలు. వీపు మీద, రెక్కకు కాస్త కింద, తోలు పట్టుకునేంత మేరే గుచ్చాలి. వెన్నెముకకు తగిలిందా, పరిగె చచ్చి తేలుతుంది. కదలని ఎరను కొర్రమీను చాలాసార్లు పట్టించుకోదు.

ఇక గట్టు మీదికి వద్దాం. పొద్దున్నే వెళ్లండి, ఎండ మీ మొహాన పడేటట్టు నిలబడండి. ఎండ వీపున పడితే మీ నీడ మీకన్నా ముందు నీళ్ల మీదికి వెళుతుంది. గట్టు మెత్తని మట్టి కాబట్టి అడుగు గట్టిగా వేస్తే ఆ అదురు చేపకు తెలుస్తుంది. అంచుకు రెండు బారల వెనక ఆగి కాసేపు ఊరికే చూడండి. కొర్రమీను గాలి పీల్చే చేప, కొన్ని నిమిషాలకోసారి పైకి రాక తప్పదు. గుర్రపుడెక్క సందులో బుడుంగుమని చిన్న చప్పుడవుతుంది, సుడి తిరిగి రెండు బుడగలు మిగులుతాయి. ఆ బుడగల మీదే ఎర వెయ్యకండి. ఓ మూరెడు ఇవతలగా, చప్పుడు లేకుండా దించండి.

పరిగె కదులుతుంటే బెండు వణుకుతుంది. ఉన్నట్టుండి వణుకు ఆగుతుంది. పరిగె బెదిరిందన్నమాట. ఆ తర్వాత బెండు మునుగుతుంది.

లాగకండి.

కొర్రమీను పరిగెను అడ్డంగా కరుచుకుని ముందు డెక్క కిందికి పోతుంది. అక్కడ ఆగి, తల ముందుకు వచ్చేట్టు తిప్పుకుని మింగుతుంది. మునగగానే లాగితే గాలం ఇంకా పెదాల బయటే ఉంటుంది, మీకు నలిగిన పరిగె వస్తుంది. అందుకని గడ కొన నీళ్ల వైపు వంచి దారం వదులివ్వండి. నింపాదిగా ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టండి. దారం ఆగి మళ్లీ కదిలిందంటే మింగినట్టే. అప్పుడు లాగండి, నిలువుగా కాదు, పక్కకు, ఏటవాలుగా గట్టు మీదికి, ఒక్క ఊపున. నిలువుగా ఎత్తితే బరువంతా గడ కొన మీదే పడి విరుగుతుంది. ఎనిమిది దాటి ఆగినా నష్టమే. చేప డెక్క వేళ్లలో దారం చుట్టేస్తుంది, గాలం కడుపులోకి పోతే చిన్న చేపను వదలాలన్నా బతకదు.

గట్టెక్కాక అంచున వదలకండి, పాక్కుంటూ నీళ్లలోకి పోతుంది. బకెట్లో నాలుగంగుళాల నీళ్లు పోసి, గాలి ఆడేటట్టు చిల్లులున్న మూత పెట్టండి. వల సంచిలో వేసి పూర్తిగా ముంచి ఉంచేవాళ్లున్నారు. అలా చేస్తే పైకొచ్చి గాలి పీల్చలేక, నీళ్లలో ఉన్న చేప నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది.

ఇంకొక్కటి, ఇది నా విన్నపం. వానాకాలంలో నీటి మీద కొర్రమీను ఎర్రటి సన్న పిల్లలు గుంపుగా, బంతిలా కదులుతుంటాయి. వాటి కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. దేన్ని చూసినా మీదికొస్తుంది కాబట్టి పట్టడం తేలిక. దాన్ని తీసేస్తే సాయంత్రానికి ఆ పిల్లల్ని మట్టగిడసలూ జెల్లలూ మింగేస్తాయి. ఎర్ర బంతి కనిపిస్తే గడ పైకెత్తుకోండి. ఓ ఇరవై బారలు ముందుకు నడిచి, అక్కడ మళ్లీ బుడగల కోసం చూడండి.