రోడ్డుకు అద్దె ఎవరు కట్టాలి?

సమన్వయకర్త: న్యూయార్క్‌లో 2025 జనవరి 5 నుంచి, నగరం నడిబొడ్డు మాన్‌హాటన్‌లో 60వ వీధి దాటి దక్షిణానికి కారులో వెళితే పగటిపూట 9 డాలర్ల రద్దీ రుసుము కట్టాలి. మొదట అనుకున్నది 15. గవర్నర్ క్యాథీ హోకుల్ 2024 జూన్‌లో ఆపేసి, ఎన్నికలు ముగిశాక తగ్గించి తెచ్చారు. ఇది సంస్కరణా, జేబుకు చిల్లా?

పాత్రికేయుడు: చిల్లేనండీ. డబ్బున్నవాడికి 9 డాలర్లు ఒక లెక్కా? పనిముట్లతో వ్యాన్‌లో తిరిగే ప్లంబర్ సంగతేమిటి? నిచ్చెన, పైపులు భుజాన వేసుకుని మెట్రో ఎక్కాలా?

రవాణా పరిశోధకురాలు: ప్లంబర్ పేరు చెప్పి, ఒక్కరే కూర్చున్న కార్లన్నింటినీ వెనకేసుకొస్తున్నారు. ఆ వ్యాన్ గంటసేపు కదలకపోతే అతనికి ఒక గంట పని పోతుంది, ఆ నష్టం ఎవరిస్తారు? ఇన్నాళ్లూ రోడ్డు అద్దె కట్టింది బస్సులో నిలబడినవాళ్లు, తమ సమయంతో.

పాత్రికేయుడు: అయితే ముందు బస్సులు పెంచండి. వసూళ్ల సంగతి తర్వాత.

పరిశోధకురాలు: స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ అలాగే చేసింది. 2005 ఆగస్టులో అదనపు బస్సులు దింపి, 2006 జనవరిలో వసూలు మొదలుపెట్టింది. జనం మండిపడ్డారు. ఏడు నెలల ప్రయోగం ముగిశాక సెప్టెంబరులో ఓటు పెడితే, నగరవాసుల్లో ఎక్కువ మంది కావాలన్నారు.

పాత్రికేయుడు: నగరవాసులు! ఓటు పెట్టిన పొరుగు పురపాలికల్లో ఎక్కువ మంది వద్దన్నారు. అదీ చెప్పండి మరి.

పరిశోధకురాలు: వద్దన్నారు, నిజమే. బస్సు కోసం అరగంట ఎదురుచూడాల్సిన చోట నేనున్నా వద్దనేదాన్నే.

సమన్వయకర్త: సింగపూర్ 1975లోనే మొదలుపెట్టింది, లండన్ 2003లో. మిగతా నగరాలకు జంకెందుకు?

పాత్రికేయుడు: ఓట్లు. ఇంకేముంటుంది?

పరిశోధకురాలు: సొమ్ము ఎటు పోతుందోనన్న అనుమానం కూడా. లండన్ వసూళ్లను రవాణాకే ఖర్చు చేయాలని చట్టంలోనే రాశారు. న్యూయార్క్‌లో సబ్‌వే, బస్సులు, శివారు రైళ్లకు వెళుతుంది. అదే ఖజానాలో కలిపేస్తే నేనూ కట్టను.

పాత్రికేయుడు: ఆ మాట కాగితం మీద రాసివ్వండి మేడమ్! ఇంకొకటి. న్యూయార్క్‌లో పనిదినాల్లో పగటి ధర ఉదయం 5కే మొదలవుతుంది. అప్పుడు రద్దీ ఎక్కడుంది? ఆ వేళకు కారు తీసేది ఆఫీసులు తుడిచేవాళ్లు, కొట్లు తెరిచేవాళ్లు. రాత్రి 9 దాటాక విందులకు వెళ్లేవారికి మాత్రం 2.25 డాలర్లే!

పరిశోధకురాలు: ఇక్కడ మీతో నాకు పేచీ లేదు. 5ను 7 చేయాలి.

పాత్రికేయుడు: మరి 9 డాలర్లు?

పరిశోధకురాలు: దాని జోలికి రాకండి.