ఖాళీ ఫారం మీద సంతకం: సంఘం మీటింగుల్లో ప్రాక్సీ ఓట్ల గొడవ

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: ఒక న్యాయవాది, ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, మరో సంఘం సభ్యురాలు.)

యాంకర్: నమస్కారం. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఫ్లాట్లు కొన్నవాళ్లు కొందరు బెంగళూరులో, కొందరు అమెరికాలో ఉంటారు. సర్వసభ్య సమావేశంలో సగం కుర్చీలు ఖాళీ. ఓట్లు మాత్రం నిండుగా పడతాయి. అదెట్లా సార్?

కార్యదర్శి: లిఫ్ట్ మార్చాలన్నా తీర్మానం కావాలి కదండీ. కోరం, అంటే మీటింగు చెల్లడానికి ఉండాల్సినంత మంది, లేదని వాయిదా వేస్తే పై అంతస్తు పెద్దాయన మెట్లెక్కలేక నన్నే తిడతాడు. అందుకే రానివాళ్ల దగ్గర, తమ బదులు ఫలానా మనిషి ఓటేస్తాడని రాసిచ్చే ప్రాక్సీ ఫారాలు తీసుకుంటాం.

సభ్యురాలు: తీసుకోండి, ఎవరొద్దన్నారు? మా దగ్గర పేరు రాసే చోటు ఖాళీగా వదిలేసి సంతకం పెట్టించుకున్నారు. కార్పస్ ఫండ్, అంటే పెద్ద ఖర్చుల కోసం సంఘం దాచే డబ్బు, దాని మీద మేం హాల్లో గంటసేపు వాదించాం. చివర్లో ఒకాయన ఫైలు తెరిచి "ఈ ఓట్లన్నీ నావే" అన్నాడు. ఇంక మా వాదన ఎవరి కోసం?

న్యాయవాది: ప్రాక్సీ దానంతటది వచ్చే హక్కు కాదమ్మా. చట్టమో, సంఘం బైలానో, అంటే సంఘం రాసుకున్న నియమావళో ఇస్తేనే ఉంటుంది. ఇంగ్లండ్ కోర్టు 1883లోనే ఈ మాట తేల్చింది. మన దగ్గర కంపెనీలకు 2013 కంపెనీల చట్టంలోని 105వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. మీలాంటి సొసైటీలైతే ముందు బైలా తీసి చూడాలి.

యాంకర్: కంపెనీల్లో ఇట్లా ఫైలు తెరిస్తే చెల్లుతుందా?

న్యాయవాది: అక్కడ పగ్గాలున్నాయి. ఒకే మనిషి 50 మందికి మించి ప్రాక్సీగా ఉండకూడదు. వాళ్లందరి వాటా కలిపినా ఓటు హక్కున్న మూలధనంలో 10 శాతం దాటకూడదు. ప్రాక్సీకి మీటింగులో మాట్లాడే హక్కు లేదు. చేతులెత్తితే లెక్కకు రాదు, పోల్, అంటే వాటాల లెక్కన ఓటింగ్ పెడితేనే ఓటు. ఇంకోటి, కోరంలో ప్రాక్సీలను లెక్కపెట్టరు. స్వయంగా వచ్చిన సభ్యులే కోరం. కార్యదర్శిగారేమో కోరం కోసమే తీసుకుంటున్నామంటున్నారు!

కార్యదర్శి: ఇరికించేశారు సార్. మా బైలాలో ప్రాక్సీ గురించి ఒక్క లైనే ఉంది, అందులో కోరం మాటే లేదు.

యాంకర్: చిత్తూరు కొంగారెడ్డిపల్లె నుంచి ఫోన్. అడగండి అన్నా.

కాలర్: మేం అద్దెకుండేవాళ్లం సార్. ఓనర్ అమెరికాలో ఉన్నారు, నన్ను పొయ్యి ఓటేయమంటున్నారు. వెయ్యొచ్చా?

న్యాయవాది: మామూలు కంపెనీలో సభ్యుడు కానివాళ్లూ ప్రాక్సీ కావచ్చు. సేవా లక్ష్యంతో పెట్టిన సెక్షన్ 8 కంపెనీలో మాత్రం సభ్యుడే కావాలి. మీ సంఘంలో ఏముందో బైలాయే చెప్పాలి. ప్రభుత్వ ఎన్నికల్లోనూ ప్రాక్సీ ఉంది, 2003 నుంచి సాయుధ బలగాల్లో ఉన్నవాళ్లకు. ఎన్నారైలకూ ఇవ్వాలని 2018లో లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేసింది గానీ, అది చట్టం కాకుండానే మురిగిపోయింది.

సభ్యురాలు: నాకు అమెరికా వాళ్ల మీద కోపం లేదు సార్. సంతకం పెట్టేవాళ్లు లిఫ్టుకు అవునా కాదా అని ఫారం మీదే రాయాలి. ఎవరి ప్రాక్సీ ఎవరి దగ్గరుందో ముందురోజే నోటీసు బోర్డు మీద పెట్టాలి. కంపెనీ సభ్యులైతే మూడు రోజుల ముందు రాసిచ్చి, మీటింగుకు 24 గంటల ముందు నుంచి ఆ కాగితాలు చూసుకోవచ్చట. మాకెందుకు చూపించరు?

కార్యదర్శి: న్యాయమే. బైలా సవరణ వచ్చే మీటింగు అజెండాలో పెడతాను. దానికీ కోరం కావాలి మరి, మీరంతా వస్తారు కదా?